అయిదో చక్రంలో గాలి

హనుమకొండ పొలిమేరలో నేను ఎప్పుడూ పెట్రోలు పోయించుకునే బంకు పక్కన ఈమధ్య కొత్తగా ఒక చిన్న గది కట్టి, దానికి పచ్చరంగు వేసి, ‘నైట్రోజన్ గాలి’ అని పెద్ద అక్షరాలతో రాయించారు. పోయిన వారం కారు చక్రాలు కాస్త మెత్తబడ్డట్టు అనిపించి అటు తిప్పాను. గదిలో పనిచేసే ఆయన నడివయసు మనిషి. నా నెరిసిన జుట్టు చూసి మర్యాదగా లేచి వచ్చాడు.

“మామూలు గాలి కొట్టాల్నా మేడం, నైట్రోజనా?”

“రెండింటికీ తేడా ఏందన్నా?” అని అడిగాను. తెలియక అడగలేదు. నేను ఉద్యోగమంతా సైన్సు టీచరుగానే చేశాను. ఎవరైనా గాలి గురించి మాట్లాడుతుంటే వినడం నాకు సరదా, అంతే.

“మస్తు తేడా ఉంటది మేడం. నైట్రోజన్‌ల తడి ఉండదు. ఎండకు ఉబ్బది. జల్ది దిగది. ఇమానాలకు గిదే కొడ్తరు.”

“మరి ఇప్పుడున్న గాలి ఏం చేస్తవు?”

“గది పాత గాలి. మొత్తం తీసెయ్యాలె. తీసి, కొత్తది కొట్టాలె.”

నాకు నవ్వాగలేదు. పాత గాలి తీసి కొత్తది కొట్టాలె. ఇదే మాట, ఇంత గంభీరంగానూ, నా చిన్నతనమంతా విన్నాను. ఆ గొంతు వేరు.

“ఏమాయె మేడం?” అన్నాడాయన, తన మాటలో ఏం తప్పు దొర్లిందోనని.

“ఏం కాలే. మా పెద్దబాపు యాదికొచ్చిండు.”

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. తొర్రూరులో మా రెండు ఇళ్లకూ ఒకటే వాకిలి. ఆ వాకిట్లో ఎడ్లబండి ఒకవైపు, పెద్దబాపు అంబాసిడర్ కారు ఒకవైపు ఉండేవి. కారుది మజ్జిగ రంగు. ఎవరో వాడి వదిలేసినదాన్ని తెచ్చుకున్నాడని పెద్దమ్మ దెప్పేది గానీ, ఆయన మాత్రం ఆ కారు పుట్టింది తన కోసమేనన్నట్టు ఉండేవాడు. పొలం, పాలేర్లు, పంచాయితీలు అన్నీ మా బాపు చూసుకునేవాడు. పెద్దబాపు కారును చూసుకునేవాడు. కారులో కూడా ఇంజను సంగతి ఆయనకు పెద్దగా పట్టదు. ఇంజను చెడిపోతే వరంగల్ నుంచి మేస్త్రీ వచ్చేవాడు. పెద్దబాపు మనసంతా చక్రాల్లో ఉండేది. సరిగ్గా చెప్పాలంటే, చక్రాల్లో ఉండే గాలిలో.

మేం పిల్లలం నిద్రలేచేసరికే వాకిట్లోంచి సుయ్యి సుయ్యిమని చప్పుడు వినబడేది. పంచె మోకాళ్ల పైకి ఎగగట్టి, తూర్పు వైపు మొహం పెట్టి, రెండు కాళ్లతో పంపును తొక్కిపట్టి, రెండు చేతులతో గాలి కొట్టేవాడు. ఇత్తడి పంపు అది. దాన్ని చింతపండు పెట్టి తోమించేవాడు. గాలి పొద్దున్నే కొట్టాలని ఆయన పట్టు. పొద్దెక్కితే దుమ్ము లేస్తుంది, బండ్లు కదులుతాయి, పొయ్యిలు రాజుకుంటాయి. అప్పుడిక గాలి గాలిలా ఉండదు. ఒకనాడు పెద్దమ్మ పొయ్యి కాస్త ముందుగా ముట్టించింది.

“నా టైర్లల్ల పొగ నింపుతున్నవానే?” అని వాకిట్లోంచే కేకేశాడు.

“నీ టైర్లకు ఆకలైతలేదు. ఇంట్ల పోరగాండ్లకు అయితున్నది!” అని పెద్దమ్మ లోపలినుంచి అంతకన్నా గట్టిగా అంది. ఆయన పంపు పక్కన పెట్టి, పొగ తగ్గేదాకా అరుగు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆ పూట దేవరుప్పులలో ఏదో పెళ్లిమాటలకు పోవాల్సినవాళ్లు కూడా ఆయన పక్కనే కూర్చున్నారు. ఆయన కారు కావాలంటే ఆయన గాలి కోసం ఆగక తప్పదు.

నాలుగు చక్రాల్లో ఉన్న గాలిని ఎన్నాళ్లయినా అలాగే ఉంచడం ఆయనకు నచ్చదు. ఉగాది పొద్దున మేం తలంట్లు పోసుకుని వచ్చేసరికి చక్రాల మూతలు తీసి, లోపలి పిన్ను వదులు చేసేవాడు. బుస్సుమని గాలి బయటికి వచ్చేది. పిల్లలం ఆ గాలికి మొహాలు పెట్టడానికి కొట్టుకునేవాళ్లం. చల్లగా, రబ్బరు వాసనతో ఉండేది. “పాత సంవత్సరం పోతున్నది, దండం పెట్టుండ్రి” అనేవాడు. మేం నిజంగానే దండం పెట్టేవాళ్లం. తర్వాత అన్నిట్లో కొత్త గాలి కొట్టి, అదనంగా ఉంచుకునే అయిదో చక్రాన్ని డిక్కీలో పెట్టి, పచ్చడి తినడానికి లోపలికి వచ్చేవాడు. ఉగాదికి ఇది తప్పనిసరి. ఏదైనా శుభానికి పోతున్నా అంతే. పెళ్లికి పాత గాలితో పోవడం మాసిన బట్టతో పోవడమేనని ఆయన లెక్క.

ఊరికో గాలి ఉంటుందని కూడా చెప్పేవాడు. జనగామ గాలి పొడిది, ట్యూబులో నిలుస్తుంది. మానుకోట గాలిలో రైలు పొగ ఉంటుంది, అక్కడ గాలి కొట్టించుకుంటే ట్యూబు మసిబారుతుంది. బయ్యారం గాలి బరువు, ఆ ఎర్రమట్టిలో ఉన్న ఇనుమంతా దానిలోనే ఉంది. ఇంత వివరంగా చెబుతున్నాడంటే ఎప్పుడో పరీక్షించి ఉంటాడనుకునేవాళ్లం. పరీక్ష అంటే ఆయనకు వేలి కణుపులతో టైరును టక్‌టక్‌మని కొట్టి, తల పక్కకు వంచి వినడమే. కుమ్మరి దగ్గర కుండ కొనేవాళ్లు కొట్టి చూసినట్టు ఉండేది. “మంచిగ పలుకుతున్నది” అంటే ప్రయాణం ఖాయమైనట్టు.

తొర్రూరు బంకులో మొదటిసారి కంప్రెషరు మిషను పెట్టినప్పుడు బంకు యజమాని స్వయంగా వచ్చి పెద్దబాపును పిలుచుకుపోయాడు. ఊళ్లో పెద్దమనిషి కారుకు మొదటి గాలి కొడితే బంకుకు పేరు వస్తుందని ఆయన ఆశ. పెద్దబాపు మిషను చుట్టూ తిరిగి, దాని అడుగున ఉన్న పైపు తిప్పాడు. తుప్పు రంగు నీళ్లు కారాయి.

“గీ నీళ్లన్ని నా టైర్లల్లకు పోతయి” అన్నాడు.

“గాలి గాలే గద పటేలా. ఏ గాలైతేంది?”

“నీళ్లు నీళ్లే గద. మరి మీ ఇంటి బాయి నీళ్లు ఇడిసిపెట్టి, మా బాయికాడికి బిందె ఎందుకు పంపుతవు?”

బంకు యజమాని ఇంటి బావి నీళ్లు ఉప్పగా ఉంటాయని ఊరంతటికీ తెలుసు. పెద్దబాపు ఆయనతో కూర్చుని చాయ తాగి, తను కొట్టుకున్న గాలితోనే ఇంటికి వచ్చేశాడు. ఇద్దరూ ఆ వాదాన్ని ఏళ్ల తరబడి నడిపారు. అది తెగిపోతే మళ్లీ మాట్లాడుకోవడానికి ఏముంటుందని ఇద్దరికీ భయం ఉండేదేమో!

నేను హనుమకొండలో బీఎస్సీ చదువుతున్న రోజుల్లో సెలవులకు వచ్చి, నా చదువంతా ఆయన మీద ప్రయోగించాను. “పెద్దబాపు, గాలిల మొత్తం ఒక్కటే ఉండది. ఎక్కువ పాలు నత్రజని ఉంటది. గది ఒక్కటే నింపుకుంటే టైర్లకు మంచిదంట.”

ఆయన పంపు ఆపాడు. “గది ఏడ దొరుకుతది? సీసాలల్లనా?”

“అంతట ఉంటది. ఇప్పుడు నువ్వు కొడుతున్నదాంట్ల గుడ ముప్పాతికకు పైన గదే.”

“మరి గట్ల చెప్పు!” అని మళ్లీ పంపు అందుకున్నాడు. “నేను మంచిదే కొడుతున్న.”

ఇప్పుడు ఈ బంకాయన నైట్రోజన్‌కు చెప్పిన గుణాలన్నీ పెద్దబాపు తన పొద్దటి గాలికి చెప్పినవే. తడి ఉండదు, ఉబ్బదు, దిగదు. నన్నడిగితే మా ఊళ్లలో తిరిగే కార్లకు ఏ గాలైనా ఒకటే. నెలకోసారి వంగి చూసుకునేవాడి చక్రం బాగుంటుంది, చూసుకోనివాడిది పాడవుతుంది. కానీ ఈ మాట పెద్దబాపు బతికుండగా ఆయన ముందు నేను అనలేదు. ఆయనకు గాలి అంటే నా పుస్తకంలో ఉన్న గాలి కాదు.

ఎందుకంటే అరవైతొమ్మిదిలో ఇలా జరిగింది. తెలంగాణ కోసం ఉద్యమం నడుస్తున్న రోజులు. బడులు మూతపడ్డాయి. నేను చిన్నదాన్ని. పెద్దమ్మ తల్లికి ఒంట్లో బాగాలేదని కబురొస్తే కారులో జనగామ బయలుదేరాం. ఊరు దగ్గరపడగానే విద్యార్థులు రోడ్డుకు అడ్డం కూర్చుని ఉన్నారు. బందు రోజున కారు తీసినందుకు కోపం. పెద్దబాపు ఏదో చెప్పేలోగానే నాలుగు చక్రాల్లోనూ గాలి తీసేశారు. కారు నేలకు కూలబడింది. పెద్దమ్మ ఏడుపు మొదలుపెట్టింది. పెద్దబాపు దిగి, పంచె సర్దుకుని, తీరుబడిగా డిక్కీ తెరిచి పంపు తీసి వాళ్ల ముందు నిలబెట్టాడు.

“నాకు సుత తెలంగాణ గావాలె. గని మా అత్త సుత బతకాలె. తీసింది మీరే గద, ఇగ కొట్టుండ్రి.”

వాళ్లలో ఒకతను నవ్వి పంపు అందుకున్నాడు. పంపు కిందికి నొక్కినప్పుడల్లా చుట్టూ ఉన్నవాళ్లు ‘జై తెలంగాణ’ అనడం మొదలుపెట్టారు. ఒకరు అలిసిపోతే ఇంకొకరు. నాలుగు చక్రాలూ నినాదాలతోనే నిండాయి. కారు తోసి మరీ సాగనంపారు. పెద్దమ్మ తల్లి కోలుకుంది. పెద్దబాపు ఆ గాలిని మరుసటి ఉగాదిదాకా దాచుకుని, ఎక్కడ ఆగినా చక్రం మీద చెయ్యేసి చెప్పేవాడు. “గిది ఉత్త గాలి అనుకుంటున్నవా? గీంట్ల నూరుమంది పోరగాండ్ల దమ్మున్నది.”

ఇక నా సంగతి చెప్పాలి. బీఈడీ అయ్యాక నాకు భూపాలపల్లి హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది. ఎనభైల మొదట్లో మాట. ఆర్డరు ఎక్కడెక్కడో తిరిగి మా ఇల్లు చేరేసరికి చేరాల్సిన గడువు దగ్గరపడింది. గడువు రోజు సాయంత్రంలోగా చేరకపోతే నా తర్వాతివాళ్లకు ఇస్తారు. మా బాపు వద్దన్నాడు.

“గా అడవిల ఆడపిల్ల ఒక్కతి ఎట్ల ఉంటది? నౌకరీ వద్దు, ఏమొద్దు.”

అప్పుడు భూపాలపల్లి అంటే మా వైపు అందరికీ అడవే. బాపు చెడ్డవాడు కాదు. భయపడ్డాడు. భయాన్ని కోపంగా చూపించడం ఒక్కటే ఆయనకు తెలుసు. నేను తిండి మానేసి మూలన కూర్చున్నాను. ఆ ఉద్యోగం పోతే ఇంకోటి ఎప్పటికో, అసలు వస్తుందో రాదో! పెద్దబాపు వాకిలి దాటి వచ్చి తమ్ముడి ఎదురుగా నిలబడ్డాడు.

“నేను తోలుకపోత. బడిల కూసోబెట్టి, దస్తకతు పెట్టించి, మంచిగున్న ఇల్లు చూసి మరీ వస్త. నా మీద ఇడువు తమ్మీ.”

బాపు కండువా దులిపి పొలానికి పోయాడు.

గడువు ఆఖరి రోజు పొద్దున్నే వాకిట్లో బుస్సుమన్న చప్పుడుకు లేచాను. ఆడపిల్ల మొదటి నౌకరీకి పోవడం కంటే శుభం ఏముంది? పెద్దబాపు అయిదు చక్రాల్లోనూ పాత గాలి తీసేస్తున్నాడు. తీసి, ఒక్కోటీ కొట్టుకుంటూ వచ్చాడు. నాలుగు అయ్యాయి. అయిదోది నేలమీద పడుకోబెట్టి, పంపు గొట్టం అందుకోబోతుండగా మా బాపు ఇంట్లోంచి బయటికి వచ్చాడు. బాపు ఎవరి వైపూ చూడలేదు. వంగి, ఆ అయిదో చక్రాన్ని పొట్టకు ఆనించుకుని ఎత్తి, తీసుకుపోయి డిక్కీలో పెట్టాడు. మూత వేశాడు. చేతులు దులుపుకున్నాడు.

“జర పైలం అన్నా” అన్నాడు.

అంతే. మా ఇంట్లో ఒప్పుకోవడమంటే అది. అమ్మ కుంకుమ భరిణె కోసం లోపలికి పరుగెత్తింది. పెద్దబాపు కళ్లు నీళ్లతో నిండాయి. పంపును గోడకు ఆనించి, కండువాతో మొహం తుడుచుకుని, ఇక ఒక్క క్షణం ఆగితే తమ్ముడు మనసు మార్చుకుంటాడేమోనన్నట్టు స్టీరింగు ముందు కూర్చున్నాడు.

వర్ధన్నపేట, వరంగల్ దాటి పరకాల వరకూ ఆయన మాటలు ఆగలేదు. అక్కడి పిల్లలకు ఏం చెప్పాలో, హెడ్మాస్టరుతో ఎలా ఉండాలో అన్నీ చెప్పాడు. పరకాల దాటాక రోడ్డు రోడ్డులా లేదు. కంకర తేలి ఉంది. ఒకచోట వెనక చక్రం కింద ఏదో గుచ్చుకుని కారు ఒక పక్కకు వాలింది.

“పోనీ తియ్. అయిదోది ఉన్నది గద” అంటూ హుషారుగా దిగాడు. డిక్కీ తెరిచాడు. అలవాటుగా వేలి కణుపులతో టైరును కొట్టాడు. తపతపమని చప్పుడు. మళ్లీ కొట్టాడు. బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి పోయింది. ఆయన అక్కడే రోడ్డు పక్కన రాయి మీద కూలబడ్డాడు.

నాకూ అర్థమైంది. “పంపు?” అన్నాను.

“గోడకున్నది.”

నేను ఏడ్చాను. దాచుకోకుండా, గట్టిగానే ఏడ్చాను. అటు పోయే బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. ఎండ వాలుతోంది. ఇంత దూరం వచ్చి, ఉద్యోగం నా కళ్లముందే జారిపోతోంది. పెద్దబాపు ఓదారుస్తాడేమో అనుకున్నాను. ఆయన అన్న మొదటి మాట ఇది.

“బిడ్డా, గీ సంగతి మీ బాపుకు చెప్పకు. వాడు సంబురంగ పెట్టిండు.”

ఆ మాటకు నా ఏడుపు కాస్త ఆగింది. ఆయనకు అప్పుడు కూడా తమ్ముడి సంతోషమే గుర్తుకొచ్చింది.

కాసేపటికి రబ్బరు చక్రాల ఎడ్లబండి ఒకటి గడ్డి వేసుకుని వచ్చింది. దగ్గర తండావాళ్లది. బండి తోలుతున్నాయన, గడ్డి మీద కూర్చున్న ఆయన భార్య, వెనక నడిచి వస్తున్న ఇంకొందరు ఆగి కారు చుట్టూ మూగారు. వాళ్ల భాషలో ఏదేదో అనుకున్నారు. నాకు వాళ్ల నవ్వు ఒక్కటే అర్థమైంది.

“ఏమాయె పటేలా?” అన్నాడు బండాయన.

“గాలి లేదు. ఊళ్లె ఎవలకన్న పంపున్నదా?”

“సైకిలుదే లేదు, గింత పెద్దదానికి ఏడికెళ్లి తెస్తం?” అని, మళ్లీ నవ్వుతూ అన్నాడు. “గాలి లేకుంటే గడ్డి పెట్టు పటేలా. మా ఎడ్లు గడ్డితోనే నడుస్తయి.”

అందరూ పకపక నవ్వారు. పెద్దబాపు నవ్వలేదు. రాయి మీదినుంచి మెల్లగా లేచి, బండి దగ్గరికి పోయి, గడ్డి ఒక పిడికెడు పీకి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

“పాతదా, కొత్తదా?”

“ఏంది?”

“గడ్డి.”

“ఈ ఏటిదే పటేలా. ఎందుకు?”

“అయితే ఇయ్యి” అని కండువా నడుముకు చుట్టాడు.

వాళ్లకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం ఎవరూ ఊరికే నిలబడలేదు. జాకీతో కారును ఎత్తి, ఇనుప కడ్డీలతో టైరు విప్పి ట్యూబు బయటికి లాగారు. ఆడవాళ్లు గడ్డిని తడిపి తాళ్లలా పేనారు. జీవితమంతా తడి గాలిని తిట్టిన మనిషి, “ఇంకా తడుపుండ్రి, మంచిగ తడుపుండ్రి” అని అరుస్తుంటే నాకు అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. నేనూ కొత్త చీర కుచ్చిళ్లు దోపుకుని వాళ్లతో కూర్చుని గడ్డి కూరాను. కూరినకొద్దీ పట్టింది. బండాయన భార్య మడమతో తొక్కి మరీ కూరింది. చివరికి టైరు అంచు ఎక్కించాక పెద్దబాపు వేలి కణుపులతో కొట్టి చూశాడు. అది పలకలేదు. “పలుకకపోతే పలుకకపాయె, నడిస్తె చాలు” అన్నాడు.

నడిచింది. ఎగిరెగిరి, కుంటుకుంటూ నడిచింది. దారిలో గడ్డి కాలిన వాసన వస్తే ఆగి నీళ్లు పోశాం. పెద్దబాపు స్టీరింగు మీదికి వంగి, మాటల్లేకుండా తోలాడు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండడం నేను అదే మొదటిసారి చూశాను. నేను కిటికీలోంచి ఎండ ఏ చెట్టు మీదికి దిగిందో చూస్తూ కూర్చున్నాను.

బడి దగ్గరికి చేరేసరికి హెడ్మాస్టరు ఆఫీసు గదికి తాళం వేస్తున్నారు. కృష్ణా జిల్లా ఆయన. మా కారు చప్పుడు విని వెనక్కి తిరిగారు.

“ఆఖరు రోజు కదమ్మా, ఇక రారనుకున్నాను” అని, నా వెనక చూసి ఆగిపోయారు. “ఏవండీ, ఆ టైర్లోంచి గడ్డి వస్తోందేవిటండీ?”

“ఎండుగడ్డి సారూ” అన్నాడు పెద్దబాపు. “గాలి దొరకలే.”

హెడ్మాస్టరు నన్ను చూశారు. నా చీర మీద గడ్డి, ఆయన తలలో గడ్డి. వేసిన తాళం మళ్లీ తీశారు. రిజిస్టరు తెరిచి నా ముందు పెట్టారు. చేతులు గీసుకుపోయి కలం పట్టుకుంటే మండింది. సంతకం పెట్టి బయటికి వస్తే పెద్దబాపు వరండా స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“పెట్టినవా బిడ్డా దస్తకతు?”

“పెట్టిన పెద్దబాపు.”

ఆయన స్తంభం వదలకుండానే నవ్వాడు. నవ్వుతూనే కండువా కళ్లకు ఒత్తుకున్నాడు. నేను ఆయన తలలోంచి గడ్డిపోచలు ఒక్కోటీ తీశాను. నాకు అంత సంతోషం మళ్లీ చాలా ఏళ్లకు గానీ కలగలేదు.

అప్పట్లో ఊరి బయట బొగ్గు ఉందేమోనని నేలకు బోర్లు దించి చూస్తున్నారు. వాళ్ల దగ్గర పెద్ద కంప్రెషరు ఉందని హెడ్మాస్టరు చెప్పారు. వాళ్లు మంచివాళ్లు. గడ్డి లాగేసి, ట్యూబుకు పంక్చరు వేసి, దానికీ డిక్కీలోని అయిదో చక్రానికీ మిషను గొట్టం తగిలించారు. ఇక పెద్దబాపు అడుగున పైపు తిప్పి నీళ్లు చూస్తాడు, గొడవ పెడతాడు అని నేను బెదిరిపోతూ చూశాను. ఆయన చక్రం పక్కన చేతులు కట్టుకుని, గుళ్లో నిలబడ్డట్టు నిలబడ్డాడు. నిండాక వేలి కణుపులతో కొట్టాడు.

“మంచిగ పలుకుతున్నది” అన్నాడు.

తొర్రూరు చేరాక బాపు అడిగాడట. “తొవ్వల ఏమన్న తక్లీబ్ అయిందా అన్నా?”

“తక్లీబా? ఏం తక్లీబ్? పూలల్ల పెట్టి దించొచ్చిన” అన్నాడట. పెద్దమ్మకు మాత్రం కారులో చాలాకాలం గడ్డిపోచలు దొరుకుతూనే ఉండేవి. ఈయన దొంగచాటుగా ఎవరి పశువులకో మేత మోస్తున్నాడని ఆమె అనుమానం. ఆయన కాదనలేదు.

ఇదంతా జరిగిన కొన్నేళ్లకు, నేను బదిలీ మీద మానుకోటకు వచ్చాక, ఒక ఉగాదికి తొర్రూరు వెళ్లాను. పెద్దబాపుకు మోకాళ్లు పోయాయి. వాకిట్లో మంచం వేయించుకుని కూర్చుని, “బిడ్డా, గాలి తియ్యి” అని నాకు పని అప్పజెప్పాడు. నాలుగు చక్రాల పిన్నులు వదులు చేశాను. బుస్సుమని పోయింది. డిక్కీ తెరిచి అయిదో చక్రం మీద చెయ్యి వేశాను.

“దాన్ని ముట్టకు!”

ఆయన అరిచిన అరుపుకు పెద్దమ్మ గరిటెతో సహా బయటికి వచ్చింది. నేను భయపడి చెయ్యి తీశాను. ఆయన నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, గొంతు తగ్గించాడు.

“గది భూపాలపల్లి గాలి బిడ్డా. నువ్వు దస్తకతు పెట్టిననాటిది. ఏటేట నాలుగే తీస్తున్న. గది తీస్తలే.”

ఎంతైనా నేను టీచర్ని కదా. “గన్నేండ్లు ఉంటదా పెద్దబాపు? ట్యూబుల గాలి మెల్లమెల్లగ పోతనే ఉంటది” అన్నాను.

“పోతది. దిగినప్పుడల్ల పైన జర పోస్త. అడుగున మాత్రం నీదే. మీ పెద్దమ్మ పెరుగు తోడేస్తది చూడు, గట్ల.”

అవతలి అరుగు మీద కూర్చున్న మా బాపుకు ఇదంతా సరిగా వినబడలేదు. “ఏందన్నా, గా చక్రం ఎందుకు తీస్తలేవు?” అని అడిగాడు.

పెద్దబాపు నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగాడు.

“నువ్వు పెట్టిన చక్రం తమ్మీ. బిడ్డ నౌకరీకి పోయేనాడు నీ చేతులతోని పెట్టినవు. గందుకే తీస్తలే.”

బాపు తల దించుకున్నాడు. చాలాసేపటిదాకా ఆయన మొహం మీద నవ్వు పోలేదు. ఆ వానాకాలమే పెద్దబాపు పోయాడు. బాపు కూడా ఆ మాటను అలాగే నమ్ముకుని, మరికొన్నాళ్లకు పోయాడు. ఆ రాయి మీద కూర్చున్న మధ్యాహ్నం గురించి ఆయనకు నేనూ చెప్పలేదు.

“ఏం చేద్దాం మేడం?” అని బంకాయన మళ్లీ అడిగితే ఈ లోకంలోకి వచ్చాను. వెనక ఇంకో కారు హారను కొడుతోంది.

“నాలుగింట్ల నీ నైట్రోజనే కొట్టన్నా.”

ఆయన సంబరపడి పని మొదలుపెట్టాడు. పాత గాలి బుస్సుమంటూ పోయింది. ఎవరూ చూడటం లేదని, ఒక చక్రం దగ్గర కాస్త వంగి మొహం పెట్టాను. నాలుగూ అయ్యాక ఆయన డిక్కీ తెరిచి స్టెప్నీ మీద చెయ్యి వేశాడు.

“దీంట్లది సుత తీసేద్దునా మేడం?”

“వద్దన్నా” అన్నాను. “దాంట్లది తియ్యకు. పైన జర పొయ్యి, చాలు.”